కాపలా ఆపిన శనివారం

కోదాడలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో నేను ల్యాబ్ అసిస్టెంటుని. ఉండేది సూర్యాపేటలో, రోజూ బస్సులో పోయి వస్తాను. ఉద్యోగం కాంట్రాక్టుది. ఏటా వేసవిలో మా హెచ్‌ఓడీ సారు సంతకం పెడితేనే మరో ఏడాది. ఆ సంవత్సరం సంతకానికి రెండు వారాలుందనగా, నా చేతులతో నేనే ల్యాబ్‌ని మూలన పడేశాను.

పాత డిస్కు నిండిపోయిందని శనివారం పొద్దున విద్యార్థుల ఫోల్డర్లన్నీ కొత్త డిస్కులోకి మార్చాను. నా భుజం నేనే తట్టుకున్నాను. మధ్యాహ్నం ఒకమ్మాయి వచ్చి లాగిన్ అవబోయింది. పాస్‌వర్డ్ సరైనదే. తెర ఒక్క క్షణం నల్లబడి, మళ్ళీ పాస్‌వర్డే అడిగింది. పక్క సిస్టమ్‌లోనూ అంతే. సోమవారం పదింటికి ప్రాక్టికల్ పరీక్ష, బయటి నుంచి ఎగ్జామినర్ వస్తున్నారు.

నిదానమే ప్రధానం అని లారీల వెనక రాసి ఉంటుంది. నేను రోజూ చదువుతాను, అంతే. కొత్త డిస్కులో అనుమతులు తప్పాయేమో అని, అన్ని ఫోల్డర్లకూ అందరికీ అన్ని అనుమతులూ ఇచ్చేశాను. అయినా లోపలికి రానివ్వలేదు. అప్పుడు గుర్తొచ్చింది. మా లినక్స్ సిస్టమ్స్‌లో ఫోల్డరు సొంతదారు ఇచ్చే అనుమతి కాక, దాని పైన ఇంకో కాపలా ఉంటుంది. సొంతదారు సరేనన్నా తన రూలు ఒప్పుకోకపోతే అది కదలనివ్వదు. ఆ కాపలాని చూసీచూడనట్టు ఉండమన్నాను. ఒక్క కమాండ్ కొట్టేసరికి ల్యాబంతా లాగిన్ అయింది.

సారు కోదాడ మనిషి, నెమ్మదస్తుడు. వచ్చి చూసి, పని జరుగుతోంది కదమ్మా, పరీక్షయ్యేదాకా అలాగే ఉంచెయ్యండి అన్నారు. ఫోల్డర్లన్నీ బార్లా తెరిచిన సంగతి ఆయనకు చెప్పలేదు. అంటే పరీక్షలో ఎవరి ప్రోగ్రాం ఎవరైనా తెరిచి చూసుకోవచ్చు. అది బయటపడితే నా సంతకం గోవిందా. చెప్పినా గోవిందానే అనుకున్నాను.

ఆ ల్యాబులో నాకు పని నేర్పిన అక్క ఒకామె ఉంది. వేములపల్లి ఆమె. ఇప్పుడు మిర్యాలగూడలో ఒక రైస్‌మిల్లులో కంప్యూటర్లు చూసుకుంటోంది. ఫోన్ చేస్తే మిల్లు మోతలో సగం మాట వినపడదు. ఆదివారం బస్సెక్కాను. వడ్ల సీజన్ కాబట్టి ఆ రోజూ మిల్లు నడుస్తోంది. లారీలు తూచే గదిలో కూర్చుని, లారీకీ లారీకీ మధ్య నా ఫోన్‌లోని ఫోటోలు చూసింది. అవి కాపలా జరిగింది జరిగినట్టు రాసుకునే లాగ్‌వి. నన్ను తిట్టలేదు.

"నీ కాపలా ఆపుడు బంద్ జేసింది గని, రాసుడు బంద్ జెయ్యలె. సూడు, ఎవరెవర్ని ఆపేదో అన్నీ రాసిపెట్టింది," అంది.

అన్ని లైన్లలోనూ ఒకటే ఫిర్యాదు. ఆ ఫోల్డర్ల మీద 'ఇది విద్యార్థిది' అని చెప్పే లేబుల్ లేదు. పాత చోటు కాపలాకి తెలుసు, కొత్త చోటు గురించి నేను చెప్పలేదు. అక్క కిటికీలోంచి బస్తాలు చూపించింది. బియ్యం అవే అయినా బస్తా మీద మిల్లు మార్కా లేకపోతే గేటు దగ్గర ఆపుతారు, మార్కా వేసుకోవాలి గానీ వాచ్‌మన్‌ని ఇంటికి పంపితే ఎట్లా అంది.

చేయాల్సినవన్నీ చీటీ మీద రాసిచ్చింది. అనుమతులు మునుపటిలా బిగించడం, కొత్త చోటు కూడా పాత చోటు లాంటిదేనని కాపలాకి చెప్పి లేబుళ్ళు వేయించడం, కాపలా మొదలుపెట్టి విద్యార్థి పేరుతో నేనే లాగిన్ అయి చూడడం. కింద గీత గీసి ఇంకొకటి రాసింది: రిజిస్టర్‌లో రాయి.

మా ల్యాబులో ఏది మార్చినా, ఎందుకు మార్చామో రిజిస్టర్‌లో రాసి సంతకం చేయాలి. సారు చదివి ఆయనా చేస్తారు. ఆ అలవాటు పెట్టింది అక్కే.

"బాగైనంక రాసుడెందుకక్కా? నా నౌకరీ పోతది," అన్నాను.

"పోదని నేను జెప్ప. గని రాయి," అంది.

అన్నం పెట్టించి బస్సెక్కించింది. నాకు కోపమొచ్చింది, ఎందుకు దాచాలి. ఆమెకేం, మిల్లులో హాయిగా ఉంది అని సూర్యాపేట దాకా గొణుక్కుంటూనే వచ్చాను.

సోమవారం ఏడున్నరకే ల్యాబ్ తెరిచాను. లేబుళ్ళు పడుతున్నంతసేపూ గోళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నాను. కాపలా మొదలుపెట్టి, ఒక విద్యార్థి పేరుతో లాగిన్ అయ్యాను. తెర నల్లబడింది. ఆ తర్వాత డెస్క్‌టాప్ వచ్చింది. పక్కవాళ్ళ ఫోల్డరు తెరవబోతే అనుమతి లేదంది. ఆ మాట చదివి అంత సంతోషపడడం నాకదే మొదటిసారి.

రిజిస్టర్ తెరిచి చాలాసేపు పెన్ను పట్టుకుని కూర్చున్నాను. చివరికి రాశాను. 'శనివారం విద్యార్థుల ఫోల్డర్లన్నీ అందరికీ తెరిచాను. కాపలా ఆపాను. సారుకు పూర్తిగా చెప్పలేదు. తప్పు నాదే.'

సారు రెండుసార్లు చదివారు. పేజీలు వెనక్కి తిప్పుకుంటూ పోయి, మొట్టమొదటి పేజీ నా వైపు జరిపారు. మూడేళ్ళుగా అందులో రాస్తున్నదాన్ని, ఆ పేజీ ఎన్నడూ చూడలేదు. అక్క చేతిరాత. 'ఫోల్డర్లు అందరికీ తెరిచి కాపలా ఆపాను. పరీక్షలో నలుగురు పక్కవాళ్ళ ప్రోగ్రాములు చూసి రాశారు. తప్పు నాదే. ఇక నుంచి ఏది మార్చినా ఇందులో రాస్తాను.'

"అప్పుడు మేనేజ్‌మెంటు వాళ్ళు తీసెయ్యమన్నారు ఆమెని," అన్నారు సారు. "తనే రాసింది కాబట్టి నేను నిలబడి మాట్లాడగలిగాను."

నేను రాసినదాని కింద సంతకం పెట్టారు. రెండు వారాల తర్వాత కాంట్రాక్టు మీదా పెట్టారు.

ఆ సోమవారం పదింటికి పిల్లలందరూ లాగిన్ అయ్యాక వరండాలోకి వచ్చి అక్కకు ఫోన్ చేశాను. మొదటి పేజీ చూశానని, నిన్న దారంతా తనని తిట్టుకున్నానని చెప్పాను. మిల్లు మోతలో ఎంత వినపడిందో తెలియదు.

"పోరగాళ్ళు లోపలికి పోయిండ్రా?" అని అడిగింది.

"పోయిండ్రక్కా," అన్నాను. ఇంకేదో అనబోతే ఏడుపొచ్చింది. లారీ వచ్చిందని పెట్టేసింది.