గోడకు అటువైపు రెండు దెబ్బలు

మా పక్క క్వార్టరు ముసలమ్మ, నేను పిన్ని అన్నట్టు ఖాలా అని పిలిచే ఆమె, చనిపోయింది. తెల్లవారకముందే, నిద్రలోనే ప్రాణం పోయి ఉంటుందని డాక్టరు అన్నాడట. ఆమె కోడలు ఏడుస్తూ వచ్చి తలుపు కొడితే నాకు తెలిసింది. నిజానికి అంతకు అరగంట ముందే తెలియాల్సింది.

ఎందుకంటే ఆ పొద్దున గోడ చప్పుడు కాలేదు. శ్రీరాంపూర్‌లో మొదటి షిఫ్టు సైరన్ మోగగానే ఆమె అటు నుంచి రొట్టెలు ఒత్తే కర్ర, బేలన్‌తో గోడను రెండుసార్లు కొట్టేది. నేను ఇటు నుంచి పప్పుగుత్తితో రెండుసార్లు కొట్టాలి. ఎవరి దెబ్బ వినపడకపోతే రెండోవాళ్లు వెళ్లి చూడాలి. అదీ మా ఒప్పందం. నాలుగేళ్లలో ఎన్నోసార్లు ఆమే వచ్చింది. ఒక్కసారి నా వంతు వస్తే, ఇవాళ ఇంకాసేపు పడుకోవచ్చులే అనుకొని అటు తిరిగి పడుకున్నాను. వెళ్లినా చేసేదేమీ లేదని అందరూ అంటున్నారు. నాకూ తెలుసు. అయినా మనసు ఒప్పుకోవడం లేదు.

మా ఆయన బొగ్గు గనిలో పని చేస్తాడు. తాగుతాడు. చెడ్డవాడు కాదు. ఎవరూ అడగకపోయినా ఈ మాట చెప్పడం నాకు అలవాటైపోయింది. షిఫ్టు దిగి వచ్చే వేళకు నా చెవులు బండి చప్పుడు మీదే ఉండేవి. సందు మలుపులో బండి తిరిగిన తీరు విని ఎంత తాగాడో చెప్పగలిగేదాన్ని. సీసాలు వెతికాను, పారబోశాను, ఒట్లు పెట్టించుకున్నాను. డ్యూటీకి లేవలేని రోజున నేనే గని ఆఫీసుకు పోయి జ్వరమని చెప్పి వచ్చేదాన్ని. అట్లా కొన్నేళ్లు గడిచాక నాలో ఏదో ఆగిపోయింది. ఏడుపు కూడా రాలేదు. జడ వేసుకోవడం మానేశాను. స్టవ్ మీద బియ్యం పెట్టి కూర్చుంటే, మాడు వాసన వచ్చినా లేవాలనిపించేది కాదు.

ఆ మాడు వాసనకే ఖాలా మొదటిసారి మా వంటింట్లోకి వచ్చింది. గిన్నె దించింది, కిటికీ తెరిచింది. కాలనీలో నన్ను ఎవరు పలకరించినా "ఆయన ఎట్లున్నడు? జర తగ్గిచ్చిండా?" అనే అడిగేవాళ్లు. ఈమె నా మొహంలోకి చూసి, "నువ్వు ఎప్పుడు తిన్నవే బేటీ?" అంది. నాకు గుర్తు రాలేదు. ఇంటికి పోయి రెండు రొట్టెలు, టమాటా తొక్కు తెచ్చి, నేను తినేదాకా ఎదురుగా కూర్చుంది. ఇంకొక్క ప్రశ్న కూడా వేయలేదు. ఆ రోజు నాకు అదే పెద్ద విశ్రాంతి.

ఆమె భర్తదీ అదే గని, అదే తాగుడు. తాగుడుతోనే పోయాడు. ఆ సంగతి ఒకసారి చిక్కుడుకాయలు తుంచుతూ చెప్పింది. "నేను గూడ నీ తీర్గనే పోయి జ్వరం, జ్వరం అని చెప్పొచ్చిన. ఎంత మంచిగ చెప్పిన్నంటే, ఆఖరికి నిజంగ కామెర్లయినయని మొత్తుకుంటే ఒక్కలు నమ్మలే. మొన్న జ్వరమంటివి, ఇయ్యాల కామెర్లా అని నవ్విండ్రు." చెప్పి తనూ నవ్వబోయింది. నవ్వు రాలేదు. తుంచిన కాయనే మళ్లీ తుంచింది.

ఆ తర్వాత ఒక పొద్దున నేను ఆఫీసుకు బయలుదేరి చెప్పులు వేసుకుంటుంటే చెయ్యి పట్టి ఆపింది. "ఆయన నాగా ఆయననే చెప్పుకోనియ్యి." ఆయన మధ్యాహ్నం లేచి, నన్ను నాలుగు తిట్టి, తనే పోయి ఆఫీసరుతో నాలుగు తిట్లు తిని వచ్చాడు. అంతకు మించి ఏమీ కాలేదు. దీని కోసమా నేను ఇన్నేళ్లు పరుగెత్తింది అనుకున్నాను.

ఒక రోజు, "కరీంనగర్‌ల మంచి డాక్టర్ ఉన్నడట, పోదాం పా" అంది. మందు మాన్పించే డాక్టరనుకున్నాను. బస్సు పెద్దపల్లి దాటే సరికి, ఆయన ఎప్పటి నుంచి తాగుతున్నాడో, ఎంత తాగుతున్నాడో అంతా వరసగా మనసులో అమర్చుకున్నాను. డాక్టరు ముందు కూర్చొని "మా ఆయన" అని మొదలుపెట్టగానే ఖాలా అడ్డం వచ్చింది. "ఆయన సంగతి తర్వాత సార్. గీ పిల్లను చూడుండ్రి. నవ్వుతలేదు, తింటలేదు, పండుకుంటలేదు."

తిరుగు ప్రయాణంలో నాకు ఒళ్లు మండిపోయింది. "ఆయన తాగితే నాకు గోలీలా?" అని అడిగాను. ఆమె కిటికీలోంచి చూస్తూ నెమ్మదిగా అంది. "ఆయన బొగ్గు బట్టలు పిండితే నీ చేతులకు మసి అయితలేదా? ఆయన తానం చేసేదాక నువ్వు చేతులు కడుక్కోకుంట కూసుంటవా?" ఇంటికి వచ్చి మొదటి గోలీ వేసుకున్నాను.

గోలీలు పని చేయడానికి రోజులు పట్టింది. ఆ రోజుల్లోనే ఈ గోడ ఒప్పందం పెట్టింది. మా వంటింటికీ ఆమె పడుకునే గదికీ మధ్య ఒకటే గోడ. "మంచం దిగాలె, వంటింట్లకు నడిచి రావాలె, నిలబడి కొట్టాలె. నేను ముసల్దాన్ని నిలబడి కొడుతలేనా?" అని గదమాయించేది. నాకు చేతకాని రోజు వచ్చి, దుప్పటి లాగి, పప్పుగుత్తి చేతికిచ్చి నిలబెట్టి కొట్టించేది. అంతకు మించి ఏమీ అడిగేది కాదు. "గిది చేసినవ్ గదా, ఇయ్యాల్టికి చాలు" అనేది. మా వైపు గోడకు నా భుజం ఎత్తున గుర్తు పడింది.

మా ఆయన ఇప్పటికీ తాగుతాడు. కొన్నాళ్లు మానుతాడు, మళ్లీ మొదలుపెడతాడు. ఖాలా పోయిన రోజు తాగకుండా వచ్చి ఆమె పాడెకు భుజం పట్టాడు. ఇంటికి వచ్చి, కాళ్లు కడుక్కొని, గడపలో కూర్చొని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. మరునాడు మళ్లీ తాగడానికి పోయాడు. నేను అన్నం వండుకొని తిన్నాను. నిజం చెబుతున్నాను, అలసిపోయాను. కానీ తిన్నాను.

మూడో రోజు వాళ్లింట్లో జియారత్ ప్రార్థనలకు వెళ్లాను. ఎప్పుడూ వాళ్ల ముందు గదిలోనే కూర్చునేదాన్ని. ఆమె పడుకునే గది చూడటం అదే మొదలు. మంచం తీసేశారు. మా రెండిళ్ల మధ్య గోడ మీద ఆమె దెబ్బల గుర్తు కోసం నా భుజం ఎత్తున వెతికాను. సున్నం నున్నగా ఉంది.

"ఆడ కాదక్కా, కిందికి చూడు" అంది కోడలు. "మంచం గీడుండె. మా అత్త పండుకొనే కొడుతుండె. బేలన్ తలకాడ మెత్త కిందనే పెట్టుకునేది, రొట్టెలకు నేను ఇంకోటి కొనుక్కున్న. మామ పోయినప్పటి సంది పొద్దుగాల లేవాల్నంటే ఆమెకు మస్తు కష్టం. నువ్వు అటు నుంచి కొట్టినంకనే లేస్తుండె, నువ్వు కొట్టకుంటె నిన్ను లేపనీకి లేస్తుండె."

నేను కింద కూర్చొని చూశాను. నిలబడి కొట్టమని నాలుగేళ్లు నన్ను గదమాయించిన మనిషి గుర్తు అక్కడ, మోకాలి ఎత్తున ఉంది. అరచేయంత మేర సున్నం రాలిపోయి, లోపలి ఇటుక ఎర్రగా కనిపిస్తోంది.