తాతయ్య వేలిముద్ర వేయని కాగితం

నా చిన్నప్పుడు అజీజ్‌నగర్ పొలాలు ఒక్కొక్కటే ఫాంహౌస్‌లుగా మారుతుండేవి. సాఫ్ట్‌వేర్ కంపెనీలో పెద్ద ఉద్యోగం చేసే ఒకాయన అక్కడ రెండెకరాలు కొని, ఇల్లు కట్టి, ఈత కొలను తవ్వించాడు. ఆ తోటకు మా తాతయ్య మాలి. గేటు పక్కనున్న రేకుల గదిలో తాతయ్య, నానమ్మతో నేనుండేదాన్ని. నౌకరీ పోతే ఆ గదీ పోతుంది.

ఆ సార్‌ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. వంగ మొక్కకూ మిరప మొక్కకూ తేడా తెలియని మనిషి, ఆదివారం కారు దిగి మా తాతయ్యకు సేద్యం నేర్పేవాడు. అది చాలదన్నట్టు తన ఆఫీసు జబ్బు ఒకటి తోటకు అంటించాడు. ఏడాదికోసారి మాలికి, వాచ్‌మన్‌కి, వంటామెకి అప్రైజల్ అట! వరండా ముందు వరుసగా నిలబెట్టి, ఎవరి స్వభావం ఎలాంటిదో కాగితం మీద ఇంగ్లీషులో రాసి, కింద వేలిముద్ర వేయించుకునేవాడు.

ఒక ఏడు ఆ కాగితాలు చదివి చెప్పే పని నాకు పడింది. నేను మొయినాబాద్‌లో ఇంగ్లీషు మీడియం ఆరో తరగతి. మనుషుల గుణాలకు ఇంగ్లీషు మాటలు బడిలో బట్టీ పట్టించేవారు. నిద్రలో లేపి అడిగినా అర్థాలు చెప్పేదాన్ని. చదివితే చాక్లెట్ ఇస్తానన్నాడు సార్.

వాచ్‌మన్‌కు 'ఒబీడియెంట్' అని వచ్చింది. కారు రాగానే ఉరికి డోర్ తీస్తాడు కదా, అందుకు. తాతయ్యకు 'స్టబ్బర్న్' అని ఉంది. "మొండోడు అని రాసిండు తాతా" అని గట్టిగా, నవ్వుతూ చెప్పాను. అర్థం ఠక్కున తట్టినందుకు ఎంత మురిసిపోయానో! దాని కింద ఇంకో వాక్యం ఉంది, వచ్చే నెల నుంచి ఈయన పనిలో అక్కర్లేదని. అదీ అదే ఊపులో చదివేశాను. నానమ్మ చేతిలోని చీపురు కింద పెట్టేసింది.

తాతయ్య మాత్రం కదల్లేదు. "నేనేం జేస్తె గా మాట రాసిండో సార్‌ను అడుగు బిడ్డా. అది గూడ రాయమను" అన్నాడు.

"గడ్డిమందు కొట్టమంటే కొట్టలేదు. నా మాటంటే లెక్కలేదు" అన్నాడు సార్.

"బాయి ఒడ్డుకు కొట్టుమంటిరి సార్. గా బాయి నీళ్ళే మేం తాగేది, మీ బిడ్డ ఈత గొట్టే కొలన్ల నింపేది. రెండు దినాలు కూసొని గడ్డంత చేత్తోని పీకిన. గది గూడ రాయుండ్రి."

అమ్మగారు వరండాలో కుర్చీలోంచి లేచి, కొలనులో ఆడుతున్న కూతురి వైపు ఒకసారి, మొగుడి వైపు ఒకసారి చూసింది. సార్ మొహం ఎర్రబడింది. పెన్ను తీసి 'స్టబ్బర్న్' కొట్టేసి, దాని పక్కన 'రూడ్' అని రాశాడు. అంత చదువుకున్న మనిషికి తోచింది అంతే!

"గిదేంది బిడ్డా?" అన్నాడు తాతయ్య.

"మర్యాద లేనోడని." ఈసారి మెల్లగా చెప్పాను.

"గిప్పుడేం జేసిన?"

"జవాబు చెప్పినవ్ తాతా."

తాతయ్య నవ్వాడు. ఇంకు డబ్బాను మెల్లగా పక్కకు జరిపి, "చేసింది రాస్తె ఏలు ఏస్త. ఉత్త మాటకు ఎయ్య" అన్నాడు. నెల తిరగకుండానే రేకుల గది ఖాళీ చేసి చేవెళ్ళలో కిరాయి ఇంటికి మారాం. తాతయ్య మళ్ళీ ఏ తోటలోనూ పనికి కుదరలేదు.

ఇప్పుడు నా తల నెరుస్తోంది. గండిపేట దగ్గర ఒక ఆఫీసులో నా కింద పదిమంది పనిచేస్తారు, ఏటా వాళ్ళ అప్రైజల్ కాగితాలు నా బల్ల మీదికే వస్తాయి. యాటిట్యూడ్ అన్న గడిలో పెట్టడానికి పాలిష్ చేసిన మాటలు బోలెడు. వాటిని చూస్తే నాకు రోత. ఆ మనిషి ఏం చేశాడో రాసేదాకా ఆ గడి ముట్టుకోను.

నా గురించి ఎవరైనా రాయాలన్నా అలాగే రాయాలి. గొప్ప మాటలేవీ వద్దు. మా తాతయ్య నౌకరీ తీసేసిన కాగితం అందరి ముందూ గట్టిగా చదివింది, ఆ చాక్లెట్ చేయి చాచి తీసుకుని తినేసింది అని రాస్తే చాలు.