గుర్రాల క్విజ్‌లో విరిగిన దవడ

మొన్న రౌస్ హిల్‌లో పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాను. గుంటూరు నుంచి ఈ దేశం వచ్చి స్థిరపడిన చిన్నమ్మాయి. నా ఎక్స్‌రేని తెర మీద పెట్టి, దవడ ఎముక మీద సన్నటి గీతను చూపిస్తూ, "ఇది ఓల్డ్ ఫ్రాక్చర్ ఆంటీ. కార్ యాక్సిడెంటా?" అని అడిగింది. "కాదమ్మా, క్విజ్" అన్నాను. నోట్లో దూది ఉండటంతో తనకు సరిగా వినపడలేదనుకుని మళ్లీ అడిగింది. మళ్లీ అదే చెప్పాను.

అవి ఎనభైల చివరి సంవత్సరాలు. ఇప్పుడు మా స్కోఫీల్డ్స్‌లో ఇళ్లు ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడ్డాయి గానీ, అప్పట్లో మా గేటు దాటితే కంచెలు, గడ్డి, గుర్రాలు, వేసవిలో పేడ వాసన. నాన్న ఆసుపత్రిలో డాక్టరు. అమ్మ ఆదివారాలు చర్చిలో పిల్లలకు పాటలు నేర్పేది. ఇంట్లోకి బల్లి వచ్చినా చీపురెత్తకుండా బతిమాలి బయటికి పంపే మనిషి. గుర్రమెక్కితే కాళ్లు విరుగుతాయని నన్ను ఎక్కనిచ్చేది కాదు. ఆ కసికొద్దీ లైబ్రరీలో ఉన్న గుర్రాల పుస్తకాలన్నీ చదివేశాను. పక్క పొలంలో ఉండే అమ్మాయి నా క్లాసే. వాళ్లమ్మ ఎప్పుడో వెళ్లిపోయింది. వాళ్ల నాన్న గుర్రాలకు లాడాలు కొట్టేవాడు. ఆ అమ్మాయి, పిల్లలు గుర్రపుస్వారీ నేర్చుకునే పోనీ క్లబ్బులో క్విజ్ జట్టుకు కెప్టెన్. స్వారీ పోటీ కాదది, గుర్రాల గురించి ఎవరికెంత తెలుసో తేల్చే పోటీ. జట్టులో ఒకమ్మాయి గుర్రం మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకుంటే, కెప్టెన్ నన్ను లాక్కెళ్లి ఆ ఖాళీలో కూర్చోబెట్టింది. అలా జీను మీద ఒక్కసారైనా కూర్చోకుండానే గుర్రాల పండితురాలినయ్యాను.

సాయంత్రాలు వాళ్ల షెడ్డులో చదువు. కెప్టెన్ చేతిలో స్వారీకి వాడే పొట్టి కొరడా ఉండేది. గుర్రం చెవులు వెనక్కి వాలిస్తే ఏమిటర్థం? కడుపునొప్పి వచ్చిందని ఎలా తెలుస్తుంది? తప్పు చెబితే పిక్క మీద ఛెళ్లున పడేది. ఎండలు మండిపోతున్నా, వాతలు కనబడకుండా నేను ఇంట్లో ప్యాంటు వేసుకుని తిరగసాగాను. ఒకరోజు ఏడుపు ఆగక, "ఎందుకలా కొడతావ్?" అని అడిగేశాను. ఆమె నిజంగానే ఆశ్చర్యపోయింది. "మరి లేకపోతే ఎలా గుర్తుంటుంది?" అని, వెనక్కి తిరిగి చొక్కా పైకెత్తింది. వీపంతా గీతలు. కొన్ని నల్లబడ్డాయి, కొన్ని ఇంకా ఎర్రగా ఉన్నాయి. భుజం మీదుగా చెయ్యి పెట్టి ఒక్కొక్కటీ తడుముతూ, "ఇది పళ్లు చూసి వయసు చెప్పడం. ఇది కడుపునొప్పి లక్షణాలు. ఈ పెద్దది కళ్లెం రకాలు. చూశావా, ఒక్కటీ మర్చిపోలేదు" అంది, ప్రైజులు చూపిస్తున్నట్టు.

ఆ సాయంత్రమే అమ్మకు చెప్పాను. కూర కలుపుతున్న గరిటె పక్కన పెట్టి, నా ప్యాంటు పైకి మడిచి పిక్కలు చూసింది. నాన్న మర్నాడే స్కూలుకు వెళ్లి చెప్పాడు. "ఆ కుటుంబం సంగతి మాకు తెలుసు డాక్టర్, చూస్తాం" అన్నారట. చూస్తూనే ఉన్నారు. పోటీ రోజున నన్ను క్లబ్బు వాళ్ల వ్యానులో పంపకుండా, కొత్తగా లైసెన్సు వచ్చిన అమ్మ తనే కారు తీసింది. పక్క సీట్లో కోడి పలావు నింపిన స్టీలు క్యారియరు.

పోటీ ఊరి సంతమైదానంలోని రేకుల హాల్లో. గుర్రాన్ని ఏ వైపు నుంచి సమీపించాలని నన్ను అడిగారు. భుజం వైపు నుంచి, దానికి కనబడుతూ, వెనక నుంచి ఎన్నడూ కాదు అని గుక్క తిప్పుకోకుండా చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాను. చివరికి రెండు జట్లు సమానమయ్యాయి. గెలుపు తేల్చే ప్రశ్న కెప్టెన్‌కి వచ్చింది: గిట్ట లోపల ఉండే ఎముక పేరేమిటి? ఆమెకది నిద్రలో లేపి అడిగినా తెలుసు. కానీ జవాబు చెప్పబోతూ, హాలు చివర నిలబడ్డ వాళ్ల నాన్న వైపు చూసింది. అంతే, నోరు పెగల్లేదు. గంట మోగింది. ఎవరో నవ్వుతూ, "లాడాలు కొట్టేవాడి కూతురికి గిట్ట తెలియదా!" అన్నారు. అతనూ నవ్వాడు.

మేం బయటికొచ్చేసరికి, స్వారీ పోటీలకు గుర్రాలను తెచ్చిన బళ్ల దగ్గర మొదలైపోయింది. వాళ్ల నాన్న మొదటి గుద్దుకే కెప్టెన్ ముక్కులోంచి రక్తం బొటబొటా కారింది. రెండోదానికి, బండికి కట్టేసి ఉన్న ఎర్ర గుర్రం కాళ్ల మధ్య పడింది. అతను అక్కడే కొరడా ఝళిపించాడు. సగం దెబ్బలు పిల్లకు, సగం గుర్రానికి. గుర్రం అరుస్తూ, తాడు తెంపుకోబోతూ, గాల్లోకి తన్నసాగింది. ఆమెను బయటికి లాగాలని పరుగెత్తాను. ఏ వైపు నుంచి? వెనక నుంచే. దవడ దగ్గర ఏదో పెళ్లున విరిగిన చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు నాదేనని నేల మీద పడ్డాక తెలిసింది.

తర్వాత కనబడింది అమ్మ. కొంగు నడుముకు బిగించి, క్యారియరును రెండు చేతులా పట్టుకుని, అతని చెవి మీద కొట్టింది. గిన్నెలు విడిపోయి పలావు ఎగిరింది. అతను తిరిగి అమ్మ జుట్టు పట్టుకున్నాడు. జుట్టు వాడి చేతిలో ఉండగానే అమ్మ ఖాళీ గిన్నెతో నుదుటి మీద మరోటి, ఇంకోటి వేసింది. రక్తం కళ్లలోకి కారి అతను మోకాళ్ల మీద కూలాడు. అప్పటిదాకా బీరు డబ్బాలతో చోద్యం చూస్తున్న మగాళ్లు అప్పుడు పరుగెత్తుకొచ్చి పట్టుకున్నారు, అమ్మని! "కామ్ డౌన్ లేడీ" అంటున్నారు. అమ్మ విదిలించుకుని, ముక్కు చీదినంత తేలిగ్గా తెలుగులో అరిచింది: "పిల్లని చంపుతుంటే చేతులు పడిపోయాయిరా మీకు?" అక్కడెవరికీ తెలుగు రాదు. అయినా అందరూ తలలు దించుకున్నారు.

అందర్నీ చేర్చింది నాన్న పనిచేసే ఆసుపత్రికే. అతని నుదుటికి కుట్లు వేస్తూ నాన్న, "దేంతో తగిలింది?" అని అడిగితే, "మీ ఆవిడతో" అన్నాడట. నాన్న ఆ కుట్టు పూర్తిచేసి, సూది పక్కన పెట్టి, ఇంకో డాక్టర్ని పిలిచాడట. పోలీసులు వచ్చారు. అమ్మ మీద కేసు పెట్టమని అతను పట్టుబట్టాడు. ముక్కు ఎలా పగిలిందని కెప్టెన్‌ని అడిగితే, "గుర్రం తన్నింది" అంది. మళ్లీ అడిగినా అదే. దవడకు కట్టుతో నేను మాట్లాడలేను. అమ్మ ఆమె మంచం పక్కన కూర్చుని, ఏమీ అడక్కుండా, జుట్టులో ఎండిన రక్తాన్ని తడిగుడ్డతో తుడుస్తోంది. "ఈ ఆవిణ్ని జైల్లో పెడతారా?" అని అడిగింది కెప్టెన్. పోలీసు రాసుకుంటూనే ఉన్నాడు. ఆమె లేచి కూర్చుని, వాళ్లకు వీపు తిప్పి, చొక్కా పైకెత్తింది.

అమ్మ మీద కేసు నిలబడలేదు. అతన్ని తీసుకెళ్లారు, గుర్రాన్ని అమ్మేశారు. కెప్టెన్ వాళ్ల పిన్ని క్వీన్స్‌లాండ్ నుంచి వచ్చి తీసుకెళ్లేదాకా మా ఇంట్లోనే ఉంది. నాకు జావ తాగించింది, పప్పన్నం చేత్తో తినడం నేర్చుకుంది. వచ్చిన కొత్తలో అమ్మ అల్మారా పైనుంచి డబ్బా తీయబోయినా రెండు చేతులూ తలకు అడ్డం పెట్టుకునేది. ఆ పిల్ల గదిలో ఉన్నంతసేపూ అమ్మ చేతులు కిందే ఉంచుకుని తిరగడం అలవాటు చేసుకుంది. వెళ్లే రోజున కారు దగ్గర, దీవించడానికి అమ్మ చెయ్యి ఎత్తింది. కెప్టెన్ కదల్లేదు, కళ్లు మూయలేదు, ఆ చెయ్యి తల మీదికి వచ్చేదాకా చూస్తూ నిలబడింది. ఒక దెబ్బకు రెప్పపాటు కాలం కూడా పట్టదు. బెదరని ఆ చూపుకు మా ఇంట్లో ఒక చలికాలమంతా పట్టింది.