అత్తగారి పళ్లకు సంఘం అప్పు

దమ్మపేట దగ్గర మా ఊళ్లో ఆడవాళ్ల పొదుపు సంఘం పిడికెడు బియ్యంతో మొదలైంది. వంటకు తీసిన బియ్యంలోంచి పూటకో పిడికెడు పక్కన పెట్టి, సంతలో అమ్మి, ఆ డబ్బే ఒకరికొకరు అప్పుగా ఇచ్చుకునేవారు. తర్వాత బ్యాంకు ఖాతా వచ్చింది, ఇప్పుడు ఫోన్లో యాప్ కూడా వచ్చింది. మారనిది ఒక్కటే. అప్పు కావాల్సిన మనిషి లేచి నిలబడి ఎందుకో అందరి ముందూ చెప్పాలి. మిగతావాళ్లు ఒక్కొక్కరే "అవ్" అనాలి. ఒక్కరు అనకపోయినా అప్పు లేదు. మొదట్లో ఒకాయన పెళ్లాం చేత సంతకం పెట్టించి, ఆ డబ్బంతా తాగేశాడట. అప్పుడు పెట్టుకున్న పద్ధతి ఇది.

"సంతకమైతే మొగుడు పెట్టిస్తడు. మా నోర్లు ఎవడు తెరిపిస్తడు?" అంటుంది మా పక్కింటావిడ. ఆవిడ నోరు ఒకరు తెరిపించక్కర్లేదు, మూయించడమే కష్టం.

అలాంటి మనిషి మా అత్తగారితో ఏడాదిగా మాట్లాడటం లేదు. పక్కింటావిడ భర్త బొగ్గుబాయిలో పనిచేసి రిటైరయ్యాక మా పక్కన ఇల్లు కట్టుకున్నారు. ఒకరోజు ఆవిడ డబ్బా నిండా సకినాలు చుట్టి తెచ్చింది. మా అత్తగారిది కోస్తా నుంచి వచ్చి ఇక్కడ పామాయిల్ తోటలు వేసిన కుటుంబం, మాటలో దర్జా ఎక్కువ. ఒక సకినం అటూ ఇటూ తిప్పి చూసి, "ఇవి తినడానికా వదినా, గోడ కట్టడానికా?" అనేశారు. ఆవిడ డబ్బా తీసుకుని వెళ్లిపోయింది.

అసలు సంగతి ఇంట్లో మాకే తెలుసు. అత్తగారికి దవడ పళ్లు లేవు. పెళ్లి భోజనాల్లో ఉపవాసం అని చెప్పి, ఇంటికొచ్చి నా చేత పెరుగన్నం మెత్తగా పిసికించుకునేవారు. ఆవిడ భక్తిని ఊరంతా మెచ్చుకునేది. చివరికి కట్టుడు పళ్లు కావాలని మామగారిని అడిగితే, "ఈ వయసులో ఎవర్ని కరుద్దామని?" అన్నారు. ఇక సంఘమే దిక్కయింది.

మీటింగులో అత్తగారు లేచి, "వైద్యం ఖర్చులకి" అన్నారు.

"ఏం వైద్యం? అందరికీ ఒక్కటే రూలు," అంది పక్కింటావిడ గోడకేసి చూస్తూ.

అత్తగారు నా వంక చూశారు. నేను చాప పుల్లలు పీకుతూ కూర్చున్నాను.

"పళ్లు కట్టించుకోవాలి. దవడ పళ్లు లేవు నాకు," అన్నారు చివరికి. నాకు నవ్వాగక దగ్గాను. అందరూ వరసగా "అవ్" అన్నారు. పక్కింటావిడ వంతు వచ్చింది. అనలేదు.

"ఎప్పటి సంది లేవు?"

"రెండేళ్లు దాటింది."

"అంటే నా సకినాలు కొరికి గూడ చూడలేదా?"

"లేదు వదినా. నమలలేనని చెప్పుకోడానికి సిగ్గేసింది," అన్నారు అత్తగారు. ఆవిడ గొంతు అలా పలచబడటం నేనెప్పుడూ వినలేదు. నా నవ్వు ఎటో పోయింది.

"గా మాటకు నేను మళ్ల పిండి ముట్టలేదు. నా చెయ్యే పాడైందనుకున్న," అంది పక్కింటావిడ. కళ్లు తుడుచుకుని, కసిరినట్టు "అవ్" అంది.

పళ్లొచ్చాయి. మొదటి కిస్తు కట్టే రోజు పక్కింటావిడ సకినాల డబ్బా తెచ్చి అత్తగారి ముందు పెట్టింది. అత్తగారు ఒకటి తీసి కొరికారు. సంఘమంతా ఆ చప్పుడు కోసం చెవులు రిక్కించింది. కరకరమంది.

"గట్టిగానే ఉన్నాయి వదినా," అని రెండోది తీసుకున్నారు.

"ఆ పళ్లు ఇంకా సంఘానివి. కిస్తులు తీరేదాక జర పైలంగ కొరుకు," అంటూ ఆవిడ డబ్బా ఇంకా దగ్గరికి జరిపింది.