ముందుగోడ లేని షెడ్డు

ఈ సంగతి నేను చాలా ముందే రాయాల్సింది. రాయకపోవడానికి కారణం ఒక్కటే, అప్పట్లో నాకు అక్షరాలు రావు. పాతపట్నంలో మా అబ్బా, అంటే మా నాన్న, పెళ్లికార్డులకీ దుకాణాల బోర్డులకీ అక్షరాలు రాసేవారు. ఆయన పెన్సిలుతో అంచులు గీసి ఇస్తే లోపల సిరా నింపేది నేను. ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు మూడింట్లోనూ కుప్పలకొద్దీ అక్షరాలు నింపాను. ఒక్కటీ చదవలేదు. చదువుకి తమ్ముళ్లు వెళ్లారు, సిరాకి నేను మిగిలాను. ఉద్యోగం అయిపోయాక మహిళా సంఘం తరగతిలో కూర్చుని తెలుగు నేర్చుకున్నాను.

నా ఉద్యోగం ద్వారకా నగర్‌లో ఒక స్వచ్ఛంద సంస్థలో. తాగుడు, కలరా, చిన్నతనపు పెళ్లిళ్లు, ఇలాంటి విషయాల మీద సిరాతో బొమ్మల కథలు గీయాలి. చూసేవాళ్లకి చదువు రాదు కాబట్టి పటాల్లో మాటలుండవు. ఆఫీసులో హోదా ప్రకారం గుమస్తా తర్వాత జీపు డ్రైవరు, డ్రైవరు తర్వాత నేను. డ్రైవరు సంతకం చేస్తాడు, నేను వేలిముద్ర వేస్తాను. ఎప్పుడూ సిరాలో ఉండే వేలు కాబట్టి స్టాంపు ప్యాడు అవసరం ఉండేది కాదు.

ఉక్కు ఫ్యాక్టరీ వైపు నన్ను పంపింది ఏ సంవత్సరమో కచ్చితంగా చెప్పలేను. అప్పట్లో క్యాలెండరులో నేను చూసేది బొమ్మ మాత్రమే. ఎనభైల మొదట్లో అని చెప్పగలను. ఉక్కునగరంలో క్వార్టర్లు ఇంకా లేస్తున్నాయి. ఎండాకాలం. ఒక చిన్న కాంట్రాక్టరు కింద ఆడవాళ్లు కాంక్రీటు తట్టలు మోసేవారు. సైటు చదును చేసినప్పుడు చెట్లు కొట్టేశారు. నీడ అంటే ఆగి ఉన్న లారీల నీడే. తల్లులు చంటిపిల్లల్ని దాని కిందే గుడ్డ పరిచి పడుకోబెట్టేవారు.

ఒకరోజు ఒక లారీ కదిలింది. పైడమ్మ అనే ముసలామె చూసి, గౌరి అనే కూలీ కొడుకుని కాలు పట్టుకుని బయటికి లాగింది. టైరు కింద గుడ్డ మాత్రం పోయింది. ఆ కబురు విని మా ఫీల్డు ఆఫీసరు సుభద్ర గారు, లారీ కింద పిల్లల్ని పెట్టకూడదని ఒక బొమ్మల కథ తయారు చెయ్యమన్నారు.

మా పని పద్ధతి ఇది. ముందు చోటు చూసిరావాలి. పెన్సిలుతో గీసి ఆఫీసరుకి చూపించాలి. ఆ తర్వాత మందపాటి షీటు మీద పాళీతో సిరా పెట్టాలి. మనుషులకి లావు గీత, వెనక ఉన్నవాటికి సన్నగీత. ఒక పటంలో ఒకే పని జరగాలి. మొదటి పటంలోని మనిషే చివరిదాకా ఉందని తెలియడానికి చీర అంచు మారకూడదు. సిరా చెరగదు కాబట్టి తప్పు పడితే బ్లేడుతో గీకాలి, లేకపోతే పైన కాగితం అతికించాలి. అచ్చుకి పంపేముందు ఎవరికోసం గీశామో వాళ్లకి చూపించి, ఏం అర్థమైందో అడగాలి. దీన్ని మేము పరీక్ష అనేవాళ్లం. పరీక్ష వాళ్లకి కాదు, పటాలకి.

ఆరు పటాలు గీశాను. ఆరోదాంట్లో లారీ లేదు. నేలమీద చక్రాల గుర్తులు, నలిగిన గుడ్డ, దాని పక్కన కదలకుండా పిల్లవాడు, తలపట్టుకున్న తల్లి. పిల్లవాణ్ణి గౌరి కొడుకుని చూసే గీశాను, ఎడమ చెంప మీద దిష్టిచుక్కతో సహా. దగ్గర్లో నిద్రపోతున్న పిల్లవాడు వాడొక్కడే. మెలకువగా ఉన్న పిల్లల్ని గీయడం కష్టం.

మధ్యాహ్నం కూడు తినే వేళ సుభద్ర గారు పటాలు ఒక్కొక్కటే చూపించారు. ఐదు పటాలదాకా ఆడవాళ్లు తింటూనే చూశారు. ఆరోది చూసి గౌరి చెయ్యి కడుక్కోకుండా లేచింది.

"ఓలమ్మో, ఇది మా సింహాచలం కాదేటి? ఏటి సేసినావు బొమ్మలమ్మా? పైడమ్మత్త బయటికి లాగిన గుంటణ్ణి నువ్వు మళ్లీ కిందెట్టీసినావా?"

అది వాడు కాదనీ, ఎవరైనా కావచ్చనీ సుభద్ర గారు చెప్పారు. దిష్టిచుక్క ఆమె మాటకి అడ్డం వచ్చింది.

"సరే, ఈ బొమ్మల వల్ల ఏం అర్థమైంది?" అని సుభద్ర గారు పద్ధతి ప్రకారం అడిగారు.

"లారీ కింద ఎట్టకూడదని. అది మాకు తెల్దేటి? మరెక్కడ ఎట్టాల? అది గీసినావా?"

గీయలేదు. అలాంటి ప్రశ్న మా ఆఫీసులో రాలేదు.

"నా గుంటడు అందులోంచి లేసి రావాల. నువ్వే పడుకోబెట్టినావు, నువ్వే లేపు," అంది గౌరి. వాడు లేచేదాకా తట్ట ఎత్తనని కూర్చుంది. మిగతావాళ్లు కూడా కూర్చున్నారు. మేస్త్రీ అప్పలనాయుడు దూరం నుంచి ఈల వేశాడు. ఎవరూ కదలలేదు. చేసేది లేక సంచిలోంచి ఇంకో షీటు తీశాను.

ఏడో పటం వాళ్లు చెప్పగా గీసింది. తాటాకు షెడ్డు కావాలన్నారు, రేకులైతే పిల్లలు వేగిపోతారట. చీరల ఉయ్యాలలు, మూతపెట్టిన నీళ్లకుండ. కాపలాకి పైడమ్మను గీయమంది గౌరి.

"పైడమ్మా? ఆవిడ తొంగుంటాది," అంది ఒకామె, చెంప కింద చెయ్యి పెట్టి కళ్లు మూసి చూపిస్తూ.

"నాను తొంగున్నా సెవులు తొంగోవే," అంది పైడమ్మ. "బొమ్మలమ్మా, నాకు ముక్కుపుడక కూడా ఎట్టు. ఉన్నది పోనాది."

పెట్టాను. కుడివైపు ఖాళీగా కనిపించి ఒక కుక్కని కూర్చోబెట్టాను. లోపలున్న పిల్లలు కనిపించాలి కాబట్టి షెడ్డుకి ముందుగోడ గీయలేదు. ఇల్లు గీస్తే బొమ్మలు గీసేవాళ్లందరం అలాగే గీస్తాం. గౌరి చాలాసేపు చూసి, ఉయ్యాలలోని పిల్లవాడి చెంప మీద చుక్క ఉందో లేదో వేలితో తడిమింది. తడి సిరా వేలికి అంటింది. అప్పుడు తట్ట ఎత్తింది. షీటు మాత్రం మాకు తిరిగి ఇవ్వలేదు.

"బొమ్మ గీత్తే షెడ్డు లేత్తాదేటే?" అన్నాడు అప్పలనాయుడు. "అలగైతే సెప్పండి, మా ఆడదానికి రెండంతస్తుల మేడ గీయిత్తాను."

ఆ వారంలో కాంట్రాక్టరు ఇంజనీరు తనిఖీకి వచ్చినప్పుడు గౌరి ఆ షీటు ఆయన ముందు పరిచిందట. ఆడకూలీలు ఉన్నచోట పిల్లలకి షెడ్డు ఉండాలని చట్టం ఉంది. ఆ సంగతి ఆయనకి తెలుసు. పై ఆఫీసు నుంచి డ్రాయింగు రాలేదని అది ఆగి ఉంది. ఇప్పుడు డ్రాయింగు వచ్చింది. ఆయన కొలతలు లేవేమని అడిగి, పైడమ్మను నిలబెట్టి చూసి, పటంలోని పైడమ్మను బట్టి షెడ్డు ఎత్తు లెక్కకట్టి, మూలన సంతకం చేసి మేస్త్రీకి ఇచ్చారు.

కట్టడం పూర్తయిందని తెలిసి నేను చూడటానికి వెళ్లాను. తాటాకు కప్పు, ఉయ్యాలలు, కుండ, పైడమ్మ అన్నీ ఉన్నాయి. గోడలు మూడే. కుడివైపు ఒక కుక్కని తాడుతో కట్టారు.

ముందుగోడ ఏదని అడిగాను.

"పటంలో నేదు కదమ్మా," అన్నాడు అప్పలనాయుడు. "ఇంజనీరు గారు సంతకం ఎట్టిన పటం. అందులో నేని గోడ నాను కడితే నా ఉద్దోగం పోద్ది. కుక్క ఉంది, ఎట్టినాను. దానికి కూడు కూడా నానే ఎడతన్నాను."

ఇంజనీరు గారితో మాట్లాడి గోడ పెట్టిస్తానన్నాను. నా మాట పరంజా మీద ఉన్న గౌరికి వినిపించింది. తలమీద తట్టతోనే అక్కణ్ణుంచి అరిచింది.

"గోడొద్దు బొమ్మలమ్మా! గోడ కడితే ఈడు నాకు అగుపడడు!"

అప్పుడు తలెత్తి చూశాను. పరంజా మీద ఆడవాళ్లంతా వంతులవారీగా ఒకసారి షెడ్డు వైపు చూసి తట్ట దింపుతున్నారు. ముందుగోడ కట్టలేదు. వానాకాలంలో ఆ వైపు గోనెపట్టాలు వేలాడదీశారు, వాన ఆగగానే పైకి చుట్టేశారు.

ఈ పనిలో నేను తెలుసుకున్నది చిన్నదే. చెయ్యకూడనిది గీస్తే, చూసినవాళ్లు తమకి ముందే తెలుసంటారు. కావలసింది గీస్తే, అందులో ఉన్నది ఉన్నట్టూ లేనిది లేనట్టూ కట్టేస్తారు. అందుకని షీటు మీద ఖాళీ కనిపించినా ఊరికే దేన్నీ గీయకూడదు.

షెడ్డు చూసొచ్చిన మర్నాడు ఉదయం ఆఫీసు తెరవగానే పటాల కట్ట విప్పి ఆరోదాన్ని తీసేశాను. సుభద్ర గారు అడ్డు చెప్పలేదు. ఏడోదాని అసలు షీటు సైటులోనే ఉండిపోయింది కాబట్టి దాన్ని గుర్తు తెచ్చుకుని మళ్లీ గీశాను. ముందుగోడ పెట్టలేదు. కుక్కని గీయలేదు. సిరా ఆరాక కట్ట చంకన పెట్టుకుని, అలాంటిదే ఇంకో సైటుకి వెళ్లే బస్సెక్కాను.