గొడుగులవాడూ, ముగ్గురు నూకరత్నాలూ

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. మంచి సినిమా అంటే అర్థం కాకూడదు. అర్థమైపోతే అది మా మేనత్త వాళ్ళు పిల్లాజెల్లాతో వెళ్ళి చూసొచ్చే సినిమా అవుతుంది గానీ మంచి సినిమా ఎలా అవుతుంది? ఫోన్లో డేటా కొత్తగా చవకైన కాలమది. డిగ్రీ పుస్తకాలు అటక మీద పెట్టి, తెలియని భాషల సినిమాలను కింద పడే ఇంగ్లీషు అక్షరాలు చదువుకుంటూ తెగ చూసేశాను (సగం అక్షరాలు నేను చదివేలోపే మాయమైపోయేవి, ఆ సంగతి ఎవరితోనూ అనలేదు). ఆ బలంతో నర్సీపట్నం మొత్తానికి నా అంత రసజ్ఞుడు లేడని నాకు నేనే తేల్చేసుకున్నాను. వాటన్నిటిలోకీ ఒక సినిమా నాకు ఇష్టదైవం. వరసగా ఆడపిల్లల్ని చంపుకుంటూ పోయే ఒక హంతకుడి కథ. పేరు చెప్పను, చెబితే ఇప్పటికీ కొట్లాటకొచ్చే వాళ్ళున్నారు. ఎప్పుడూ వాన పడే ఒక ఊళ్ళో ఒకడు పిల్లల్ని చంపి, శవం మీద విప్పిన గొడుగు పెట్టి పోతుంటాడు. ప్రపంచమంతా దాన్ని కళాఖండం అంది. నాలుగుసార్లు చూసి, అవునని నేను కూడా అన్నాను. అంత పేరు దానికి తగునా అని ఎవరైనా అనుమానపడితే, అన్నంలో పురుగును చూసినట్టు చూసేవాణ్ణి.

ఈ రసజ్ఞత ఏడాది పాటు మంచం మీదే సాగాక, మా నాన్న ఇక ఊరుకోలేక తన చిన్ననాటి స్నేహితుణ్ణి బతిమాలి, రోలుగుంట వెళ్ళే దారిలో ఆయనకున్న జీడిపప్పు ఫ్యాక్టరీలో నన్ను సూపర్‌వైజరుగా వేయించారు. ఆయన్ని ఇంట్లో మావయ్యగారు అనేవాణ్ణి. ఫ్యాక్టరీ గేటు దాటితే షావుకారుగారు అనాలి. "నెల్రోజులు సూత్తాను. మీ నాన్న మొకం సూసి తీసుకున్నాను, పని సూసి ఉంచుతాను" అని మొదటిరోజే చెప్పేశారు. ఇంటికొస్తే నాన్న ఇంకో మాట చెప్పారు. "నలభై ఏళ్ళ స్నేహంరా మాది. ఏ రోజూ ఆణ్ణి నోరు తెరిచి ఒకటడగలేదు. నువ్వు గానీ ఈ ఉద్యోగం పోగొట్టుకున్నావంటే, నాను మరి ఆడి గుమ్మం తొక్కలేను." నాన్న కోప్పడి ఉంటే తట్టుకునేవాణ్ణి. మెల్లగా అన్నారు కాబట్టి భయం వేసింది.

నా పని పొట్టు వలిచే షెడ్డులో. ముప్పై మంది ఆడవాళ్ళు పీటల మీద వరసగా కూర్చుని, చిన్న చాకులతో జీడిపప్పు మీది ఎర్రపొట్టు తీస్తుంటారు. పప్పు చెక్కుచెదరకుండా వస్తే దాన్ని గుండు అంటారు, రెండుగా విడిపోతే బద్ద. రుచి రెండిటికీ ఒకటే గానీ గుండుకున్న మర్యాద బద్దకు లేదు. ఆ వారం శనివారం మధ్యాహ్నానికి వ్యాన్ నిండా గుండు పప్పు పంపాలి, ఒక్క బద్ద కూడా కలవకూడదని షావుకారుగారు నాకు సోమవారమే చెప్పారు. సరిగ్గా ఆ సోమవారమే షెడ్డులో రేడియో మూగబోయింది.

ఫోన్లు గుమ్మం దగ్గర బుట్టలో పెట్టేసి రావాలన్నది అక్కడి నియమం. రేడియో లేకపోతే, సినిమా చూసినవాళ్ళెవరైనా చూడనివాళ్ళకి కథ చెప్పాలన్నది అక్కడి ఆనవాయితీ. వాళ్ళ దగ్గరున్న కథలన్నీ మధ్యాహ్నానికి అయిపోయాయి. "సెవులికి పనుంటేనే సెయ్యాడతాది బాబూ. నువ్వు సదువుకున్నోడివి, ఏదో ఒక సినిమా సెప్పు" అంది కళ్ళజోడు పెద్దమ్మ. షెడ్డంతటికీ పెద్దది ఆవిడే. ముక్కు చివరన కళ్ళజోడు పెట్టుకుని గంటకొక్క బద్ద కూడా రానివ్వకుండా వలిచేది.

ఇన్నాళ్ళకి నా రసజ్ఞతకు ఒక సభ దొరికింది. పొంగిపోయి, హాజరు పుస్తకం చేత్తో పట్టుకుని, నా ఇష్టదైవాన్ని తీసుకొచ్చి వాళ్ళ మధ్య పెట్టాను. పెట్టి ఊరుకోలేదు, సవాలు కూడా చేశాను. "రెండు గంటల సినిమాలో చివరి పది నిమిషాల దాకా హంతకుడెవరో తెలియదు. మీలో ఒక్కరు ముందే చెప్పినా, ఒక రోజంతా మీ పక్కన పీటేసుకుని పొట్టు వలుస్తాను" అన్నాను.

మొదటి హత్య బాగా రక్తి కట్టించాను. గొంతు తగ్గించి, వాన చప్పుడు చేసి, ఆ పిల్ల సందు తిరిగేదాకా తీసుకెళ్ళి, హఠాత్తుగా అరిచాను. ముప్పై చాకులు ఒక్కసారి జారాయి. ముప్పై గుండ్లు అరవై బద్దలైపోయాయి (ఆ లెక్క నాకప్పుడు తట్టలేదు, వాళ్ళ మొహాల్లో భయం చూసి మురిసిపోతున్నాను). తర్వాత పోలీసు అధికారి ఆ గొడుగు ఎవరిదో కనుక్కుందామని గొడుగులు బాగుచేసే ముసలాయన దగ్గరికి వెళ్ళడం, ఆయన టీ ఇచ్చి కూర్చోబెట్టడం చెప్పాను. అది కథలో ఏ ప్రాముఖ్యమూ లేని సన్నివేశమని మూడుసార్లు చూసేదాకా నేనూ అనుకున్నాను.

"ఆడే సంపీసినాడు" అంది కళ్ళజోడు పెద్దమ్మ, చేతిలో పప్పు మీంచి చూపు ఎత్తకుండానే.

"ఎవరు?" అన్నాను తెలియనట్టు.

"ఆ గొడుగులోడే. పని మజ్జిలో ఉన్నోడు, అడక్కుండానే పోలీసోడికి టీ ఇచ్చి కూకోబెడతాడేటి? నువ్వు ఇంతసేపు నిలబడ్డావు, మాలో ఎవులమైనా నీకు టీ ఇచ్చినామా?"

ఆ టీ గ్లాసు మీద దేశదేశాల వాళ్ళు వ్యాసాలు రాశారు. ఎంత సూక్ష్మంగా దాచాడో అని చేతులెత్తి మొక్కారు. నేను నాలుగోసారి గానీ పట్టుకోలేకపోయాను. ఈవిడ చూడకుండానే, చెవులతో విని, పది నిమిషాల్లో తేల్చేసింది. అయినా బింకం పోక, "కాదు పెద్దమ్మా, తొందరపడ్డావు" అని పచ్చి అబద్ధం ఆడేశాను.

రెండోరోజు రెండో హత్య దగ్గర అసలు చిక్కు వచ్చింది. షెడ్డులో ప్రార్థనత్త అని ఒకావిడ ఉండేది. మిషన్ చర్చి వెనక వీధిలో ఇల్లు. ఎవరికే కష్టమొచ్చినా 'ప్రార్థనలో పెడతాను' అనేది కాబట్టి ఆ పేరు. మొదటిరోజే ఒకసారి, "ఆ గుంట ఎవుల పిల్ల బాబూ?" అని అడిగితే వినిపించుకోనట్టు దాటేశాను. మా వైపు ఎవరి గురించైనా మొదట అడిగేది అదే. ఎవుల పిల్ల అని తెలిస్తేగానీ మిగతా కథ ఎక్కదు. రెండోరోజు ప్రార్థనత్త చాకు కింద పెట్టేసింది.

"ఇద్దరు ఆడపిల్లలు సచ్చిపోనారు. ఆళ్ళ పేర్లేటో సెప్పలేదు నువ్వు."

ఆలోచించాను. గుర్తు రాలేదు. ఇంకా ఆలోచించాను. హంతకుడి పేరు తెలుసు, పోలీసాయన పేరు తెలుసు, ఆయన కుక్క పేరు కూడా తెలుసు. నాలుగుసార్లు చూసిన సినిమాలో చనిపోయిన పిల్లల పేర్లు నాకు తెలియవు. అసలు ఎవరైనా ఆ పేర్లు పలికినట్టే గుర్తు లేదు. "పేర్లెందుకత్తా?" అన్నాను.

"సచ్చిపోనోళ్ళకి మేం ప్రార్థన సెయ్యం బాబూ. ఆళ్ళ తల్లులికి సేత్తాం. పేరు లేకపోతే, పలానా పిల్ల తల్లికి ఓదార్పు ఇయ్యి తండ్రీ అని ఎలగ అడగమంటావు?"

షెడ్డంతా ఆవిడ పక్షమే. పేర్లు చెప్పేదాకా కథా వద్దు, వలవడమూ వద్దన్నట్టు చూస్తున్నారు. కంగారులో చేతిలో ఉన్న హాజరు పుస్తకం వైపు చూశాను. పైన మొదటి వరసలో కనిపించిన పేరు అప్పజెప్పేశాను. "రెండో అమ్మాయి పేరు నూకరత్నం."

నూకాలమ్మ తల్లి పేరు పెట్టుకోని ఇల్లు మా జిల్లాలో ఉంటుందా? మా షెడ్డులోనే ముగ్గురు నూకరత్నాలున్నారు. ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నూకరత్నాన్ని ఎలా చంపాడో అప్పటికే నేను వర్ణించి ఉన్నాను, కన్నూ ముక్కూ వదలకుండా. ఒకావిడ గుండె మీద చెయ్యి వేసుకుంది. ఇంకొకావిడ, "నాకు గొడుగుంది" అంది ఎవరితోనో. పుట్టి మునుగుతోందని తెలియక నేను నవ్వుతూ నిలబడ్డాను.

బుధవారం ముగ్గురు నూకరత్నాలూ పనికి రాలేదు. వాళ్ళు లేకపోతే షేర్ ఆటో నిండదని వాళ్ళతో వచ్చేవాళ్ళూ రాలేదు. తొమ్మిది పీటలు ఖాళీ. వచ్చినవాళ్ళు మేఘం పట్టినప్పుడల్లా గుమ్మం వైపు చూస్తున్నారు, చాకులు జారుతున్నాయి. సాయంత్రం షావుకారుగారు వచ్చి, ట్రేలో చెయ్యి పెట్టి పప్పు పైకెత్తి చూశారు. బద్దలు. ఇంకో ట్రే. బద్దలు. ఆయన అరవలేదు. "ఇరవై ఏళ్ళ నించి నడుపుతున్నాను. తుపానుకి ఆగినాది, కరెంటు లేక ఆగినాది. సినిమా కథకి ఆగడం ఇదే మొదలు" అని ట్రే కింద పెట్టి, "శనివారం ఒంటిగంటకి వ్యాను ఎల్లాలి. ఎల్లకపోతే మీ నాన్నతో నానేటి సెప్పాలో నువ్వే ఆలోసించు" అన్నారు. ఆ రాత్రి అన్నం తినేటప్పుడు నాన్న "పని ఎలగుందిరా" అని అడిగారు. బాగుందన్నాను.

గురువారం వెళ్ళి ప్రార్థనత్త కాళ్ళ మీద పడ్డంత పని చేశాను. ఆవిడ తీరిగ్గా విని, "నువ్వు కథ మజ్జిలో వదిలీసినావు బాబూ. ఆడు దొరికీసినాడని తెలిస్తే ఆళ్ళకి దైర్యం వత్తాది. నాను ఎల్లి తీసుకొత్తాను, నువ్వు బేగి ముగించీ" అంది. సరేనన్నాను గానీ అసలు చిక్కు అక్కడే ఉంది. ఆ సినిమాలో హంతకుడు దొరకడు. చివరి పది నిమిషాల్లో మనకి తెలుస్తుంది, పోలీసులకి తెలియదు. మర్నాడు పొద్దున్న వాడు కొట్టు తీసి, గొడుగు తుడుచుకుంటుంటే సినిమా అయిపోతుంది. దాని గొప్పతనమంతా అదేనని నేను ఎంతమందితో వాదించానో.

శుక్రవారం పొద్దున్న ముప్పై పీటలూ నిండాయి. అబద్ధపు ముగింపు ఒకటి కట్టి తెచ్చుకున్నాను, కానీ కళ్ళజోడు పెద్దమ్మ ఎదురుగా కూర్చుంటే అది నోట్లోంచి రాలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. గొడుగులవాడేనని ఒప్పుకున్నాను. వాడు దొరకలేదని కూడా చెప్పాను.

"అయితే ఆడు ఇంకా తిరుగుతున్నాడేటి?" అంది పెద్ద నూకరత్నం.

"అదే గొప్పతనం పిన్నీ. లోకంలో న్యాయం..." అని మొదలుపెట్టాను.

"ఏటి గొప్ప? ఆ సందులో ఒక్క ఆడదీ లేదేటి?" అంది ఆవిడ. ఇక అక్కడి నుంచి కథ నా చేతిలో లేదు. తడిసిన బట్టలు ఉతికినావిడ నెత్తురు చూడకుండా ఎలా ఉంటుందని ఒకరు, ఎదురింటి ముసలమ్మకి నిద్రెక్కడ పడుతుందని ఇంకొకరు, ఎప్పుడూ వాన పడే ఊళ్ళో గొడుగుల కొట్టు మూసి తిరిగేవాణ్ణి జనం అడగరా అని మరొకరు. అరగంటలో ముప్పై మందీ కలిసి వాణ్ణి కొట్టులోంచి జుట్టు పట్టుకుని ఈడ్చుకొచ్చి పోలీసులకి అప్పగించేశారు. పిల్లలందరికీ పేర్లు పెట్టారు, తల్లులకి ఇళ్ళూ వాకిళ్ళూ ఇచ్చారు. రెండో పిల్లకి నూకరత్నం పేరు తీసేసి వేరే పేరు పెట్టడానికి పెద్ద చర్చే జరిగింది. అంతసేపూ చేతులు ఆడుతూనే ఉన్నాయి. ఒక్క బద్ద పడలేదు.

"ఇంక నీ పీట ఏసుకో బాబూ" అంది కళ్ళజోడు పెద్దమ్మ. ఆ రోజంతా కూర్చుని వలిచాను. నేను ముట్టుకున్నదల్లా బద్దే అయింది (నా ట్రే వేరే పెట్టించారు, వ్యాన్ దరిదాపులకి కూడా రానివ్వలేదు). శనివారం ఒంటిగంటకి పది నిమిషాల ముందు వ్యాన్ కదిలింది. ఆదివారం నాన్న తెల్లచొక్కా వేసుకుని స్నేహితుడింటికి వెళ్ళి వచ్చి, "టీ ఇచ్చాడ్రా" అన్నారు. టీ అనే మాట వినగానే నేను ఒక్కసారి ఉలిక్కిపడ్డాను.

ఇప్పుడు నేను కృష్ణదేవిపేట వైపు ఒక బళ్ళో సైన్సు చెబుతున్నాను. మొన్న ఆ సినిమాను మళ్ళీ థియేటర్లలో వేశారని మా కుర్ర టీచర్ల వాట్సాప్ గ్రూపులో పెద్ద రగడ. అంత పేరు దానికి తగునా, తగదా, మీరే తేల్చండి సార్ అని నన్ను అడిగారు. ఆటో కోసం నిలబడి 'కళాఖండం' అని టైపు చేస్తున్నాను. ఎవరో భుజం తట్టారు. ప్రార్థనత్త. జుట్టంతా నెరిసింది. మంచీచెడ్డా అయ్యాక, "ఆ గొడుగులోడి సినిమాలో తల్లుల్ని మర్సిపోలేదు బాబూ. ఇప్పటికీ ప్రార్థనలో పెడతన్నాను" అంది.

"అత్తా, అది సినిమా. నిజం కాదు."

"తెలుసు బాబూ. సినిమా అయితే మాత్రం, తల్లి లేకుండా పుడతారేటి?"

ఆటో వస్తే ఆవిడ ఎక్కి వెళ్ళిపోయింది. నాలుగుసార్లు చూసిన ఆ సినిమాలో ఒక్క తల్లి మొహమూ లేదని అప్పటికి గానీ నాకు తట్టలేదు. తర్వాత, టైపు చేసిందంతా చెరిపేసి, 'మంచి సినిమాయే, కానీ గుండు కాదు, బద్ద' అని పెట్టాను. గ్రూపులో ఒక్కరికీ అర్థం కాలేదు, ప్రశ్నార్థకాలు వరసకట్టాయి. ఎవరికీ అర్థం కాని మాట చెప్పడమే గొప్ప అనుకున్న ఆ ఇరవై రెండేళ్ళ సూపర్‌వైజరు చూసి ఉంటే ఎంత మురిసిపోయేవాడో అని నవ్వొచ్చింది. వాడికీ అర్థమయ్యేది కాదు, పాపం.