బందరు స్టేషన్ బయట జట్కా బేరం

బందరు రైల్వే స్టేషన్ బయట ఒక జట్కా మనిషి మీద నేను గెలిచిన బేరం లాంటిది మా గుడివాడ బజారులో ఇంతవరకూ ఎవరూ గెలవలేదు. అప్పటికి నాకు పదేళ్ళు. ఆ తర్వాత చీరల దగ్గర, స్థలాల దగ్గర, ఆస్పత్రి గదుల దగ్గర కూడా బేరాలాడాను గాని అంత ఘనంగా చెడిపోయిన బేరం మళ్ళీ ఆడలేకపోయాను.

మొన్న ఒక పెళ్ళి భోజనంలో ఉలవచారు బకెట్ పక్కనుంచి వెళ్తుంటే నా చెయ్యి విస్తరి మీదే ఆగిపోయింది. పక్కనున్నావిడ మీగడ వేయించుకుని లొట్టలేస్తోంది. నాకు మాత్రం ఉడికిన ఉలవల వాసన అంటే గుర్రం మూతికి కట్టిన గోనెసంచి, తడిసిన పచ్చగడ్డి, చక్రాలకు రాసిన కందెన, వేపచెట్టు కింద వరసగా నిలబెట్టిన జట్కాలు.

మాది కిరాణా కొట్టు. ముందు గదిలో బెల్లం దిమ్మలు, చింతపండు గంపలు, ఎండుమిరప ఘాటుకు తుమ్ముకుంటూ చిల్లర ఇచ్చే నాన్న. అరుగు మీద ఉప్పు రాశి, దాని పక్కన చిన్న పీట మీద మా నాయనమ్మ. ఉప్పు ఎవరూ దొంగిలించరు కాబట్టి రాత్రిళ్ళు కూడా దాన్ని అరుగు మీదే గోనెలు కప్పి వదిలేసేవాళ్ళం. నాయనమ్మ పగలంతా సోలతో ఉప్పు కొలిచి పోస్తూ, వానాకాలం ఆ ఉప్పు చెమర్చి నీరు కారితే ఆ నీటిని వేలితో నాలిక్కి రాసుకుని చూస్తూ, బందరు వైపు నుంచి ఉప్పు తెచ్చే బండివాళ్ళను ఒకటే అడిగేది.

“ఎట్టా ఉంటదయ్యా సముద్రం?”

“నీళ్ళేనమ్మా,” అనేవాళ్ళు వాళ్ళు, బస్తా దించుతూ.

పాతిక మైళ్ళ దూరంలో ఉన్న సముద్రాన్ని అరవై ఏళ్ళొచ్చినా ఆవిడ చూడలేదు. కొట్టుకు సెలవు లేదు, ఉన్నా ఆవిడకు లేదు. ఆ ఏడు కార్తీకంలో నాన్నకు ఎందుకో మనసు కరిగి, పున్నమి స్నానానికి నన్ను తోడిచ్చి పంపుతానన్నాడు. పది రూపాయలు నా చేతిలో పెట్టి, “ఖర్చు నువ్వే చూడు. మిగిలింది నీదే,” అన్నాడు. కొట్టు పిల్లకు ఆ మాట చెప్పకూడదు.

పున్నమి నాడు బందరులో ఇడ్లీ దగ్గర్నుంచి జట్కా దాకా అన్నీ రెట్టింపు అని నాకు తెలుసు. అందుకని పున్నమి వెళ్ళిన మూడోనాడు వెళ్దామన్నాను. సముద్రం అక్కడే ఉంటుంది, రేటే దిగుతుంది అన్నాను. నాన్న నవ్వి తలూపాడు. పున్నమి నాటి తెల్లవారుజామున మా వీధిలో వాళ్ళంతా మూటలతో బందరు రైలుకు వెళ్తుంటే, నాయనమ్మ అరుగు మీద నిలబడి వాళ్ళు మలుపు తిరిగేదాకా చూసింది.

మూడోనాడు పాసింజరులో కిటికీ పక్కన కూర్చుని, కోతకొచ్చిన చేలను, కాలవ గట్ల మీద కొంగలను, వడ్లు ఎండుతున్న వాసనను అన్నిటినీ ఆవిడ సముద్రానికి బయానాలాగా తీసుకుంటూ వచ్చింది. బందరులో దిగి ఇడ్లీ తిని కాఫీ తాగి బయటికొస్తే, పున్నమికి నడిచిన స్పెషల్ బస్సులు ఒక్కటీ లేవు. వేపచెట్టు కింద ఒక్కటే జట్కా. మంగినపూడి రేవుకు ఆరేడు మైళ్ళు.

బండి మనిషి పేరు మస్తాను. గడ్డం సగం నెరిసింది.

“రానూ పోనూ ఆరు రూపాయలు పాపా. మామ్మగారు చూసినంతసేపు ఆగుతా.”

“మూడు.”

“మూడుకైతే గుర్రం కదలదు.”

“పున్నమి నాడు సంపాదించారుగా. ఇంకా కదలకపోతే ఎట్టా?”

అతను నాయనమ్మ వైపు చూశాడు. “ఏ ఊరండీ మీది?”

“గుడివాడ. కొట్టు మాది,” అంది నాయనమ్మ, కాస్త సిగ్గుగా.

“అదీ సంగతి,” అన్నాడు.

ఆరు దిగి అయిదయింది, అయిదు నాలుగున్నరయింది. నేను మూడు నుంచి నాలుగుకు ఎక్కి అక్కడ కూర్చున్నాను. ఇక అతను కదల్లేదు. అప్పుడు నేను మా వంశంలో అందరికీ పాలతో పట్టిన విద్య ప్రయోగించాను. నాయనమ్మ చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయాను. బేరం కుదరకపోతే పది అడుగులు నడవాలి. తల తిప్పకూడదు. తిప్పావంటే అవసరం నీదని తెలిసిపోతుంది. పదో అడుగులోపు అమ్మేవాడు పిలుస్తాడు. గాజుల కొట్లో పిలిచారు, కూరల బజారులో పిలిచారు, ఎప్పుడూ పిలిచారు.

పదయ్యాయి. ఇరవయ్యాయి. వీధి మలుపు వచ్చింది.

“పోనీ ఆ నాలుగున్నరే ఇద్దాం లేవే,” అంది నాయనమ్మ.

“నువ్వు వెనక్కి చూడకు. వస్తాడు,” అన్నాను.

ఊరు దాటాం. తాటిచెట్లు, మొగలి పొదలు, ఉప్పు తేరి తెల్లబడ్డ చవిటి నేల. కాసేపటికి జట్కా మా పక్కనుంచే వెళ్ళింది, లోపల ముగ్గురు మనుషులతో. నేను తాటిచెట్టు మీద గీతకార్మికుడెవరో ఉన్నట్టు పైకి చూశాను. రెండు మైళ్ళు నడిచేసరికి నాయనమ్మ మోకాళ్ళు పట్టేశాయి. మైలురాయి మీద చతికిలబడింది. ఖాళీ గంపతో రేవు వైపు పోతున్న ఒక చేపల మనిషి ఆగి, కుండలో నీళ్ళు దోసిట్లో పోసింది.

“ఇంకా ఎంతుంటదమ్మా?” అని అడిగింది నాయనమ్మ.

“నీ నడకకు సాయంత్రమైద్ది మామ్మా. ఏముంది చూట్టానికి, మాకు రోజూ అదే మొగం.” అని నవ్వి, “గాలొస్తంది చూడు, అది దానిదే,” అని వెళ్ళిపోయింది.

నాయనమ్మ కొంగు తీసి ముఖాన్ని ఆ గాలికి పెట్టింది. పెదాలు తడుపుకుని, “ఉప్పగానే ఉందే,” అంది.

పొద్దు నడినెత్తి దాటి వాలాక జట్కా ఖాళీగా తిరిగొచ్చింది. మస్తాను దిగి, అడక్కుండానే నాయనమ్మను రెక్క పట్టుకుని ఎక్కించాడు. నాలుగున్నర ఇస్తాను, ముందుకు పోనిమ్మన్నాను. మూడింటి రైలు తప్పితే మళ్ళీ రాత్రికేనట. ముందుకు పోతే అది అందదన్నాడు. బండి బందరు వైపే తిరిగింది. స్టేషన్ దగ్గర డబ్బులు చాపితే తీసుకోలేదు.

“నువ్వు ఒక్కసారి వెనక్కి చూస్తే పిలుద్దామనే నిలబడ్డా పాపా. చూడకపోతివి,” అన్నాడు.

“పోన్లే, వచ్చే కార్తీకం పున్నమికే వద్దాం,” అంది నాయనమ్మ నాతో, నేను ఏడుస్తానేమోనని.

వచ్చే కార్తీకం వచ్చింది. పున్నమి ఇంకా రాకముందే ఉప్పెన వచ్చింది. సముద్రమే దివిసీమలోకి నడిచొచ్చింది. గుడివాడ బడి గదుల్లో దిక్కులేనివాళ్ళు పడుకున్నారు. నాన్న బియ్యం పంపితే నాయనమ్మ వడ్డించడానికి వెళ్ళింది. అక్కడ ఒకామె, నీళ్ళలో పిల్లవాడి చెయ్యి జారిపోయిన సంగతి, జారిన చేతిని చూపించి చూపించి చెప్పిందట. ఇంటికొచ్చి నాయనమ్మ అరుగు మీది పీట లోపల పెట్టేసింది. ఆ తర్వాత ఉప్పు నాన్నే కొలిచాడు. మాకు నీళ్ళు పోసిన మనిషి ఉందో లేదో కనుక్కుందామంటే, మేం ఆమె పేరైనా అడగలేదు.

నాయనమ్మ మరో పదకొండేళ్ళు బతికింది. నా పెళ్ళయ్యాక టాక్సీలో తీసుకెళ్తానన్నాను, బేరం లేకుండా. “ఇప్పుడు దాని మొగం నేను చూడలేనమ్మాయ్. అప్పుడైతే చూసేదాన్నే,” అంది. అందులో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండేది.

ఇప్పుడు స్టేషన్ బయట ఆటోలున్నాయి. జట్కాలు నిలిచిన చోట సెల్‌ఫోన్ల కొట్లు. వేపచెట్టు మొదలు కూడా లేదు, మస్తాను అంటే ఎవరికీ తెలియదు. మంగినపూడికి అరగంట కూడా పట్టదు. నేను నాలుగుసార్లు వెళ్ళాను. బాగుంటుంది.

ఆ రోజు లెక్క ఇది. రైలుకు నాయనమ్మది ఫుల్లు, నాది హాఫు, రానూ పోనూ మూడు రూపాయల ముప్ఫై పైసలు. ఇడ్లీ కాఫీలు ఎనభై పైసలు. పావుకిలో బందరు లడ్డు రూపాయి ముప్పావలా. జట్కాకు ఏమీ లేదు. మిగిలింది నాలుగు రూపాయల పదిహేను పైసలు, నాన్న మెచ్చుకుని నాకే ఇచ్చాడు, నేను తీసుకున్నాను. అతనడిగింది నాలుగున్నర, నేనిస్తానన్నది నాలుగు. తేడా అర్ధరూపాయి. నాయనమ్మ సముద్రం చూడలేదు.